వాడుకతో పెరిగే నైపుణ్యం

చెరకు గడకు మొదలు దగ్గరే తీపి ఎక్కువ. దాన్ని నేలమట్టానికి నరికే ఒడుపు బోధన్ రైతుకూలీకి నరకగా నరకగా వస్తుంది. రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం.

1974 నాటి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో అనుభవ పాయింట్లు చేరితే పాత్ర లెవల్ పెరుగుతుంది. 1978లో వచ్చిన 'రూన్‌క్వెస్ట్'లో లెవల్స్ లేవు. సాహసయాత్రలో ఫలించిన నైపుణ్యానికి టిక్కు పెడతారు. తరువాత 1 నుంచి 100 లోపు అంకె పడేలా పాచికలు వేస్తారు. స్థూలంగా, పడిన అంకె ఉన్న నైపుణ్యాన్ని మించితేనే అది పెరుగుతుంది. 30 ఉంటే నూటికి 70 అవకాశాలు. 90 ఉంటే 10 మాత్రమే.

ఒక యాత్రలో ఎన్నిసార్లు వాడినా టిక్కు ఒక్కటే. ఈ హద్దు ఎందుకు? 1988 నాటి 'ఫైనల్ ఫాంటసీ 2'లో దెబ్బలు తిన్న పాత్రకు ప్రాణశక్తి పెరిగేది. దాంతో ఆటగాళ్లు తమ పాత్రలనే కొట్టించుకున్నారు! వాడుకకు అవసరం తోడైతేనే అది అభ్యాసం.

ఆలోచించండి: రూన్‌క్వెస్ట్‌లో వాడని నైపుణ్యం తరగదు. 2015లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. పాకం చూసి చక్కెర పలుకును పోల్చే కార్మికుడి నేర్పు ఏమవుతుంది? ఐదు వాక్యాల్లో రాయండి.