తల్లి పేరు నిలిపిన షేర్ల వర్తకుడు

ధనం మన చేతిలోనుంచి వెళ్ళిపోవడానికి మూడు దారులున్నవని పెద్దలు అంటూ ఉంటారు. అనుభవించవచ్చు, ఒకరికి ఇవ్వవచ్చు, లేదా పోగొట్టుకోవచ్చు. ఈ మూడు దారులనూ ఒక్క జన్మలోనే, అందునా కొద్ది సంవత్సరాలలోనే, నడిచి చూసినవారు అరుదు. అట్టివారిలో బొంబాయి నగరానికి చెందిన శ్రీ ప్రేమ్‌చంద్ రాయచంద్ ఒకరు.

ఎక్కడి బొంబాయి, ఎక్కడి మన కోరాపుట్, రాయగడ అని పాఠకులు అడగవచ్చు. చింతపండు, పసుపు, వలిసెల వర్తకమూ, సర్కారు ఉద్యోగమూ, కాస్త పొలమూ - ఇవే మన తెలుగు కుటుంబాలకు చిరకాలంగా తెలిసిన జీవనాధారాలు. షేర్లనేవి పట్నవాసపు పెద్దల వ్యవహారమని అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ బజారు ప్రతి ఇంట్లోనూ చేతిఫోనులోనే ఉన్నది. భోజనాల వేళ కూడా కుర్రవాళ్ళ కన్ను దాని మీదే ఉంటున్నది. కనుక ఆ బజారును మన దేశంలో నిలబెట్టినవారిలో ముఖ్యుడైన ఒక మనిషి ఏమి సంపాదించాడో, ఏమి పోగొట్టుకున్నాడో, చివరకు ఏమి మిగిలిందో తెలుసుకోవడం మనకు అవసరమే.

ప్రేమ్‌చంద్ 1831లో సూరత్‌లో ఒక జైన కుటుంబంలో జన్మించారు. తండ్రి రాయచంద్ దీప్‌చంద్, తల్లి రాజాబాయి. తండ్రి కలప వర్తకుడు. గొప్ప ఆస్తిపరుడేమీ కాదు. బతుకుతెరువు కోసం ఆ కుటుంబం బొంబాయి చేరింది. అక్కడ పిల్లవానికి ఇంగ్లీషు చదువు అబ్బింది. ఆ రోజుల్లో బొంబాయి దళారులలో ఇంగ్లీషు చదవను వ్రాయను వచ్చినవారు దాదాపు లేరు. దొరల బ్యాంకులతోనూ, కంపెనీలతోనూ నేరుగా మాట్లాడగల యువకునికి వ్యాపారం తొందరగానే అందివచ్చింది. లెక్కలన్నీ నోటికే కట్టేవాడనీ, బేరాలను కాగితం మీద పెట్టకుండానే జ్ఞాపకం ఉంచుకునేవాడనీ ఆయన గురించి చెప్పుకుంటారు.

అప్పటికి షేర్ల బజారుకు ఇల్లూ వాకిలీ లేవు. టౌన్ హాలు ఎదుట మర్రిచెట్ల నీడన దళారులు గుమిగూడేవారు. అదే బజారు. అక్కడినుంచి పెరిగి పెరిగి 1875లో ఆ దళారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని స్థాపకులలో ప్రేమ్‌చంద్ ఒకరు. ప్రవేశ రుసుము 1 రూపాయి. నేడు బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజి అని మనం వింటున్నది ఆ సంఘమే.

అయితే ఆయన భాగ్యం పండినది అంతకు ముందే, 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు కావలసిన పత్తిలో ఎక్కువ భాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచే వచ్చేది. యుద్ధంలో ఆ రేవులు మూతపడ్డవి. మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డవి. ధరలు ఆకాశానికి అంటినవి. మన కాకినాడ రేవుకు కూడా ఆ పత్తి గిరాకీ వల్లనే ఆ రోజులలో పెద్ద ఊపు వచ్చింది. అదే సమయంలో, 1863లో, ఇంగ్లీషువారు మన జయపురంలో తమ అధికారిని నిలిపారు. అప్పటికి ఈ కొండలకు ఉప్పు ఎక్కి వచ్చేది బంజారాల ఎడ్ల మీదనే. ఇక్కడ ఎడ్ల మెడలో గంటలు మోగుతూ ఉండగా అక్కడ బొంబాయిలో బంగారం వాన కురిసింది.

అంత డబ్బు ఒక్కసారి వచ్చి పడేసరికి దానిని ఏమి చేయాలో ఊరివారికి తోచలేదు. రోజుకొక బ్యాంకు, పూటకొక కంపెనీ పుట్టుకొచ్చినవి. సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామని బ్యాక్‌బే కంపెనీ ఒకటి లేచింది. దాని 5,000 రూపాయల వాటా 50,000 దాకా పలికింది. ఈ కంపెనీల వాటాలు ఎవరికి ఎన్ని దక్కాలో నిర్ణయించడంలో ప్రేమ్‌చంద్ మాటకు తిరుగులేదు. ఆయన ఇంటి ముందు పెద్దపెద్ద దొరలు కూడా కాచుకొని ఉండేవారట. అప్పటికి ఆయన వయస్సు 33 ఏళ్ళు.

ఇంతవరకు ఇది ధనవంతుని కథ. ఇట్టివి లోకంలో చాలా ఉన్నవి. ప్రేమ్‌చంద్‌ను ఈనాటికీ తలచుకోవడానికి కారణం 1864లో ఆయన వ్రాసిన రెండు ఉత్తరాలు.

బొంబాయి విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడినా దానికి సొంత గ్రంథాలయ భవనం లేదు. ఆ ఏడు ఆగస్టులో ప్రేమ్‌చంద్ గ్రంథాలయానికని 2 లక్షల రూపాయలు ఇచ్చారు. కొద్ది వారాలకే, అక్టోబరులో, మరి 2 లక్షలు ఇస్తూ, ఆ గ్రంథాలయానికి చేర్చి గడియారమూ, గంటలూ ఉన్న ఒక గోపురం కట్టించి దానికి తన తల్లి రాజాబాయి పేరు పెట్టవలసిందని కోరారు. తన పేరు కాదు, తల్లి పేరు. బొంబాయి విశ్వవిద్యాలయం ఆవరణలో నేటికీ ఉన్న రాజాబాయి గోపురం అదే. ఇంగ్లండులోని ప్రసిద్ధ శిల్పి సర్ జార్జి గిల్బర్ట్ స్కాట్ మన దేశం రాకుండానే దాని నమూనా గీశారు. 1869 మార్చి 1న మొదలైన పని 1878 నవంబరులో పూర్తయింది. ఎత్తు 280 అడుగులు. 2018లో ముంబయిలోని ఆ కాలపు భవనాల సముదాయంతో పాటు యునెస్కోవారు దీనిని కూడా ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

ఈ గోపురాన్ని గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. రాజాబాయమ్మ గారికి కళ్ళు కనబడేవి కావనీ, జైనుల నియమం ప్రకారం పొద్దు గుంకక ముందే భోజనం చేయాలి గనుక, ఎవరినీ అడగకుండా వేళ తెలుసుకోవడానికి కొడుకు గంటల గోపురం కట్టించాడనీ చెబుతారు. కథలో నిజమెంతో గాని, అది ఇన్నాళ్ళు జనం నోట నిలవడానికి కారణం ఉన్నది. ముసలితనంలో తల్లిదండ్రులు కోరేది మేడలూ మిద్దెలూ కాదు. ఒకరిని దేబిరించకుండా పూట గడవడం. ఆ సంగతి గ్రహించిన కొడుకు కథ ఏ ఊళ్ళో చెప్పినా నచ్చుతుంది.

తండ్రినీ ఆయన మరువలేదు. సూరత్‌లో తండ్రి పేరిట బాలికల పాఠశాల వెలసింది. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అంటున్న కాలమది. అహమ్మదాబాదులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కళాశాల ఆయన పేర నడిచింది. కలకత్తా విశ్వవిద్యాలయానికి ఇచ్చిన 2 లక్షలతో 1866లో ప్రేమ్‌చంద్ రాయచంద్ విద్యార్థి వేతనం ఏర్పడింది. న్యాయకోవిదుడు సర్ ఆశుతోష్ ముఖర్జీ, చరిత్రకారుడు సర్ యదునాథ్ సర్కార్ ఆ వేతనం పొందినవారే. ఒక గుజరాతీ జైనుడు బొంబాయిలో సంపాదించి ఎక్కడో ఉన్న బెంగాలీ విద్యార్థులను చదివించడం గమనించదగినది. నా కులం, నా ఊరు అన్న గిరి ఆయన గీసుకోలేదు.

ఇక మూడవ దారి సంగతి. 1865 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధం ముగిసింది. పత్తి ధర కుప్పకూలింది. బొంబాయి బజారంతా వాయిదా బేరాల మీద నిలబడి ఉన్నది. వాయిదా బేరమంటే తెలియనివారి కోసం మన రాయగడ బజారు లెక్కలో చెబుతాను. చేతిలో గింజ చింతపండు లేని ఒకడు, చైత్రమాసానికి 100 బస్తాలు ఈ ధరకు ఇస్తానని మాఘంలోనే మాట ఇస్తాడు. చేతిలో కాసు లేని ఇంకొకడు సరే కొంటానంటాడు. చైత్రం వచ్చేసరికి ధర పెరిగితే అమ్మినవాడు మునుగుతాడు, తగ్గితే కొన్నవాడు మునుగుతాడు. బస్తా ఒక్కటీ కదలదు. కొంపలు మాత్రం చేతులు మారుతవి. బొంబాయిలో అట్టి బేరాలు ఎన్నో 1865 జులై 1న గడువుకు వచ్చినవి. చెల్లించగలవారు లేరు. 50,000 పలికిన బ్యాక్‌బే వాటా 2,000 లోపుకు దిగింది. 2,850 రూపాయలు పలికిన బొంబాయి బ్యాంకు వాటా 87 రూపాయలకు వచ్చింది. బ్యాంకులూ కంపెనీలూ వరుసగా కూలినవి. ప్రేమ్‌చంద్ ఐశ్వర్యమూ వాటితోనే పోయింది.

ఆయనను స్మరించుకునేటప్పుడు ఒక చేదు నిజాన్ని దాచకూడదు. బొంబాయి బ్యాంకు పతనంలో ఆయన పాత్ర ఉన్నది. ఆయన పలుకుబడితో సరియైన పూచీ లేకుండానే వాటాల మీద పెద్ద మొత్తాలు అప్పు పుట్టినవి. 1868లో ఆ బ్యాంకును మూసివేయవలసి వచ్చింది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆయననూ తప్పుపట్టింది. ఆ బ్యాంకులో వాటాలు కొన్నవారిలో సామాన్యులూ ఉన్నారు. సొంత సొమ్ము పోగొట్టుకోవడం దురదృష్టం. నమ్మినవారి సొమ్ము పోగొట్టడం అపరాధం. ఎంత దానమూ ఆ పద్దును పూర్తిగా కొట్టివేయదు.

ఆ తరువాత ఆయన 40 ఏళ్ళు జీవించారు. ఊరు విడిచి పారిపోలేదు. మళ్ళీ వ్యాపారం చేసుకుంటూ, కుటుంబాన్ని నిలబెట్టుకుంటూ 1906లో కన్నుమూశారు. గోపురం పూర్తయ్యేనాటికి ఆయన పూర్వపు కుబేరుడు కాదు. ఒక్కసారి ఆలోచించండి. 1864లో ఆ 4 లక్షలు ఇవ్వకుండా వాటాలలోనే ఉంచి ఉంటే, మరుసటి జులైలో అవి కూడా మిగిలినవాటితో పోయేవి. ఆయన సంపదలో నిలిచినది ఆయన దాచుకున్నది కాదు, సకాలంలో చేయి దాటించినది.

ఇట్టి దాతను చూడడానికి మనం బొంబాయి దాకా పోనక్కరలేదు. మన జయపురం మహారాజా శ్రీ విక్రమదేవ వర్మ గారు 1931లో గద్దెనెక్కారు. తెలుగు, ఒడియా, సంస్కృత భాషలలో పండితులు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా 1 లక్ష రూపాయల దానం ప్రకటించి, వాల్తేరులో శాస్త్ర సాంకేతిక కళాశాలకు ప్రాణం పోశారు. ఆయన సంపద షేర్లది కాదు, జమీందారీది. అయినా దాని గతీ అంతే అయింది. ఆయన 1951లో స్వర్గస్థులైన తరువాత జమీందారీలు రద్దయినవి, గద్దె పోయింది. వాల్తేరులో ఆ పేరు నిలిచింది. జయపురంలో 1947లో మొదలైన కళాశాల ఆయన పేరే మోసింది. మన ఇళ్ళలోని పెద్దలెందరో ఆ చదువుల నీడన పెరిగినవారే.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. షేర్లు కొనడం తప్పని ఈ వ్యాసం చెప్పడం లేదు. మంచి కంపెనీలో మిగులు డబ్బు పెట్టి ఓపిగ్గా ఉండడం ఒక పొదుపే. కాని ఆనాటి వాయిదా బేరాలు కొత్త పేర్లతో చేతిఫోనులోకి వచ్చినవి. షేర్ల బజారును అదుపు చేసే సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక లెక్క తేల్చింది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈ ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరాలు చేసిన వ్యక్తులు 1 కోటికి పైగా ఉంటే, వారిలో 100కి 93 మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లకు పైమాటే. ఇందులో మన ఊళ్ళ కుర్రవాళ్ళు లేరనుకోవడం అమాయకత్వం. ప్రేమ్‌చంద్ షేర్లలో వచ్చిన డబ్బుతో తల్లి పేరు నిలిపాడు. తల్లి గాజులు కుదువపెట్టి షేర్లలోకి దిగినవాడు ఏ పేరు నిలుపుతాడు?

అందుచేత ఇంటి యజమానులకూ, గృహిణులకూ మూడు మాటలు. ఈ బజారులో పెట్టేది మిగులు సొమ్మే కావాలి. అప్పు తెచ్చినదీ, చెల్లెలి పెళ్ళికి దాచినదీ కారాదు. పెట్టినది ఎంతో, ఉన్నది ఎంతో ఇంట్లో భార్యకూ, వయసు వచ్చిన పిల్లలకూ తెలిసి ఉండాలి. దాచిన నష్టం పుండు వంటిది, రోజురోజుకూ లోతుకు పోతుంది. ఇక మూడవది. లాభం వచ్చిన రోజునే అందులో కొంత వేరు చేసి ఇచ్చివేయాలి. రేపు ఇంకా పెరిగిన తరువాత ఇద్దామనుకుంటే ఆ రేపు 1865 జులై 1 కావచ్చు.

ఇవ్వడానికి లక్షలు అక్కరలేదు, గోపురాలూ కట్టనక్కరలేదు. మన కొండ ఊళ్ళనుంచి వచ్చి రాయగడలోనో, కోరాపుట్‌లోనో చదువుకుంటున్న పేదపిల్లలు, ఒడియావారైనా, తెలుగువారైనా, కోదు పిల్లలైనా, ఎందరో ఉన్నారు. అమ్మ పేరు మీద ఒక్క పిల్లకు ఏడాది పుస్తకాలు కొనిపెట్టండి. మరుసటి ఏడు నాన్నగారి పేరు మీద ఇంకొకరికి. బజారు పెరిగినా, తరిగినా ఆ పిల్ల నేర్చుకున్న చదువు ధర మాత్రం తగ్గదు.