కుదింపు రూపములు - వాని సాధుత్వము

వచ్చినాడు అను క్రియను వచ్చాడు అని కుదించి పలుకుట అందరెరిగినదే. ఇట్టి రూపములు మాటకు తగును గాని వ్రాతకు తగవని కొందరును, రెంటికిని తగునని కొందరును చిరకాలము వాదించిరి. చిత్తూరు జిల్లా పడమటి కొననున్న బైరెడ్డిపల్లె ప్రాంతపు పలుకుబడిని ముందుంచుకొని ఈ విషయమును పరిశీలింపనెంచినాము.

కుదింపు అలసత జన్యమను తలంపు ఇతర భాషలందును గలదు. ఆంగ్లమున కాంట్, షాంట్ వంటి రూపములను జోనాథన్ స్విఫ్ట్ 1710లోనే గర్హించెను. నేడవి సంభాషణమునను, స్నేహలేఖలందును సహజములు. శాసనములందును, పరిశోధన వ్యాసములందును పూర్ణరూపములకే మన్నన హెచ్చు. అచ్చట కుదింపు చనువునకు గుర్తు. తెలుగున స్థితి వేఱు. అతడు, ఎవ్వడు అను పదములను అతడెవ్వడు అని కలిపి వ్రాయుటయే గ్రాంథిక మర్యాద. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణము ఉత్వసంధిని నిత్యముగా విధించినది. కావున పొట్టిదనమొక్కటే గ్రామ్యతకు లక్షణము కాజాలదు.

గురజాడ కన్యాశుల్కము 1897లో అచ్చైనది. 1910వ దశకమున గిడుగు రామమూర్తి పంతులు శిష్టవ్యవహారమునకై పోరగా, జయంతి రామయ్య పంతులు గ్రాంథిక పక్షమున నిలిచిరి. కాలక్రమమున వచ్చాడు, చేశాడు, వస్తున్నాడు అనునవి వ్రాతకెక్కినవి. నేడు పత్రికలును, పాఠ్యపుస్తకములును వీనినే వాడుచున్నవి. ఇవి ప్రధానముగా కృష్ణా గోదావరీ మండలముల శిష్టుల నోట నలిగిన రూపములు.

బైరెడ్డిపల్లె వైపు భూతకాలమున వచ్చినాడు, చేసినాడు అను నిండు రూపములే జనుల నోట వినవచ్చును. గ్రాంథికమునకు ఇవియే చేరువ. వర్తమానమున మాత్రము వస్తా ఉండాడు అనునది వస్తాండాడు అగును. వస్తా అను దాని తుది దీర్ఘమునకు పిమ్మట ఉండాడు అను దాని మొదటి ఉకారము లోపించుటయే ఇందలి మార్పు. వచ్చుచున్నాడు అను ఐదక్షరముల రూపము వస్తున్నాడు అని నాలుగక్షరములైనట్లే, వస్తా ఉండాడు అను ఐదక్షరములును నాలుగైనవి. ఒక కుదింపు శిష్టమనిపించుకొనగా, మఱియొకటి మోటు అనిపించుకొన్నది. ఈ భేదమునకు కారణము ధ్వని కాదు; ఏ మండలపు వాడుక అచ్చుకెక్కినదను చరిత్రయే.

ఇది కేవలము పండితచర్చ కాదు. ఇంట పలుకు మాటను బడిలో తప్పని కొట్టివేసినచో, బాలుడు తన భాషయే తప్పని తలంచును. పిమ్మట వ్రాయుటకే కాక నోరు విప్పుటకును జంకును. వచ్చినాడు అని వ్రాసిన బాలుని గ్రాంథికము కలిపితివని మందలించుట మఱింత వింత. అది అతని తల్లి నుడి.

కావున మాకు తోచిన నిర్ణయమిది. సంభాషణమున ఏ మండలపు కుదింపైనను సాధువే. కథలందును, నాటకములందును పాత్రోచితముగ వానిని వ్రాయవచ్చును. అన్ని మండలములవారికిని ఉద్దేశింపబడిన వ్రాతలో ఎల్లరకును సుబోధమగు రూపమును గ్రహించి, తుదివఱకు దానినే పాటింపవలెను. ఈ వ్యాసమున మేము నిడురూపములను వాడుట ఆ నియమము ననుసరించియే గాని, తక్కినవి తప్పులని కాదు. ఉపాధ్యాయుడు వస్తాండాడు అను మాటను కొట్టివేయక, దాని ప్రక్కన వస్తున్నాడు అని వ్రాసి, రెండును ఒకే తీరున కుదిసినవని చూపవలెను. అప్పుడు బాలునకు వ్యాకరణమును అబ్బును, తన నుడిపై గౌరవమును నిలుచును.