కమోడ్ ఎప్పుడు ముసలిదవుతుంది?

పింగాణీకి వయసు మీద పడదు. కమోడ్ చేసే మట్టిని దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. పైన మెరిసే పొర నిజానికి గాజులాంటిదే. దెబ్బ తగలకుండా ఉంటే ఇల్లు కట్టించినవారి మనవళ్లు కూడా దాన్నే వాడుకోవచ్చు. ముందుగా పాడయ్యేవి ఫ్లష్ ట్యాంకులోని రబ్బరు వాషర్లు, ఫ్లోటు, వాల్వు. వాటి కోసం కమోడ్ మొత్తాన్ని పెకిలించే ఇళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ట్యాంకు కారుతోందా? తెలుసుకోవడం తేలిక. కేసరిలో వేసే మిఠాయి రంగు చిటికెడు ట్యాంకు నీళ్లలో కలిపి, అరగంట పాటు ఫ్లష్ చేయకండి. బేసిన్‌లోకి రంగు దిగితే వాల్వు దగ్గర కారుతున్నట్టే. ఈ కారుడు చప్పుడు చేయదు, సరిగ్గా కనిపించదు కూడా. నిమిషానికి 100 మిల్లీలీటర్లే అనుకున్నా రోజు తిరిగేసరికి 144 లీటర్లు! మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో నీటి సరఫరాకు పెట్టుకున్న ప్రమాణం. అంటే ఒక మనిషి వాటాకు మించిన మంచినీళ్లు ఎవరికీ ఉపయోగపడకుండానే మురుగులో కలుస్తున్నాయి.

పెద్దదీ చిన్నదీ రెండు బటన్లుండే ఫ్లష్ ఎక్కడ పుట్టిందో తెలుసా? నీటికి కటకటలాడే ఆస్ట్రేలియాలో. 1980లో కరోమా కంపెనీకి చెందిన బ్రూస్ థాంప్సన్ దాన్ని రూపొందించాడు. అప్పట్లో పెద్ద బటన్‌కు 11 లీటర్లు, చిన్నదానికి 5.5 లీటర్లు పోయేవి. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికేవాటిలో చాలావరకు 6, 3 లీటర్లవి. అమెరికా అయితే 1992లో చట్టమే చేసింది. 1994 నుంచి ఇళ్ల కోసం తయారయ్యే కొత్త టాయిలెట్లు ఫ్లష్‌కు దాదాపు 6 లీటర్లు మించకూడదంది.

నలుగురున్న ఇల్లు, ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు అనుకోండి. పది లీటర్ల పాత ట్యాంకుకు 200 లీటర్లు కావాలి. కొత్తదానిలో మనిషికి ఒక పెద్ద ఫ్లష్, నాలుగు చిన్నవి లెక్కవేస్తే మొత్తం 72 లీటర్లు. నెలకు మిగిలేది 3,840 లీటర్లు. ఎండాకాలంలో 5,000 లీటర్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లవారికి ఈ అంకె విలువ నేను చెప్పక్కర్లేదు. పగులు లేకపోయినా పాత కమోడ్‌ను మార్చడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించదు.

అయితే ట్యాంకు ఒక్కటే మార్చి ఊరుకుంటే లాభం లేదు. బేసిన్, ట్యాంకు కలిసి పనిచేసే జోడీ. పది లీటర్ల ఉరవడికి తగ్గట్టు చేసిన బేసిన్‌కు ఆరు లీటర్ల ట్యాంకు బిగిస్తే రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది, ఆదా అక్కడే పోతుంది. ట్యాంకులో ఇటుక పెట్టే పాత చిట్కా కూడా వద్దు. ఇటుక నాని, పొడి రాలి వాల్వులో ఇరుక్కుంటుంది.

బోరు నీళ్ల మరకలు చూసి కమోడ్ చెడిపోయిందనుకోకండి. గోధుమ రంగు చారలు ఇనుము వల్ల, తెల్ల గార సున్నం వల్ల వస్తాయి. ఆ గార అంచు కింది రంధ్రాలను పూడ్చేస్తే ఫ్లష్ నీరసపడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి నానబెట్టి రుద్దితే చాలావరకు వదులుతుంది. యాసిడ్ పింగాణీని పెద్దగా ఏమీ చేయదు కానీ సిమెంటు అతుకులను, లోహపు భాగాలను తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలిసిందా, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ రెండూ ఒకే రోజు వాడకండి.

బేసిన్ మీద పగులు కనిపిస్తే మాత్రం ఆలోచించొద్దు, మార్చేయండి. కూర్చున్న మనిషి బరువుకు అది విరిగితే ఆ అంచులు ఒంటిని లోతుగా కోసేస్తాయి. సీలెంట్ పూసి సరిపెట్టడం ప్రాణంతో చెలగాటమే.

అడుగున నిలిచే నీళ్లు మురుగు వాసనకు అడ్డుకట్ట. ఆ నీటిని నిలిపే వంపు గొట్టంతో 1775లో పేటెంట్ పొందిన అలెగ్జాండర్ కమ్మింగ్ వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు. సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి ఇల్లు కంపు కొడితే ఆ నీళ్లు ఆవిరైపోయి ఉంటాయి, ఓ చెంబెడు పోస్తే సరి. రోజూ వాడుతున్నా నీళ్లు దిగిపోతుంటే లోపల కనపడని పగులు ఉండొచ్చు. ప్లంబర్‌కు చూపించాల్సిందే.

మార్చి తీరాలని చట్టమే చెప్పిన మరుగుదొడ్లూ ఉన్నాయి. మనుషుల చేత మలం ఎత్తించే పొడి మరుగుదొడ్లను 1993 చట్టం నిషేధించింది. వాటిని కూల్చాలి లేదా నీటితో పనిచేసేలా మార్చాలి అని 2013 చట్టం మరింత గట్టిగా చెప్పింది. ఈ పోరాటానికి జీవితాన్నే ఇచ్చిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పుట్టారు, 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం కూడా 2013 చట్టం ప్రకారం నేరం. కమోడ్ మార్చే సందర్భంలో ట్యాంకు కూడా తీయించాల్సి వస్తే యంత్రం ఉన్న బండినే పిలిపించండి.

తీసేసిన పింగాణీ మట్టిలో కలవదు, కానీ వృథా కానక్కర్లేదు. న్యూయార్క్‌లో బడుల నుంచి తీసేసిన పాత టాయిలెట్ల ముక్కలను 2016లో జమైకా బే అఖాతంలో ఆల్చిప్పల పెంపకానికి ఆధారంగా వేశారు.

కొత్తది కొనడానికి వెళ్లేముందు గోడ నుంచి మురుగు పైపు నడిమధ్య దాకా ఎన్ని అంగుళాలో కొలిచి రాసుకోండి. మురుగు నేలలోకి పోతోందా, గోడలోకి పోతోందా అన్నది కూడా చూసుకోండి. నేలలోకైతే ఎస్ ట్రాప్, గోడలోకైతే పీ ట్రాప్ అడగాలి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దలుంటే వాళ్లను కూడా దుకాణానికి తీసుకెళ్లి, కూర్చుని లేచి చూడమనండి.