బ్రేక్ వేస్తే మనల్ని ముందుకి తోసేది ఎవరు? గమన నియమాలు, ఒక హెల్మెట్ లెక్క

ఈరోజు న్యూటన్ గమన నియమాలు. మూడూ గడగడా అప్పజెప్పేస్తారు, నాకు తెలుసు. అందుకే ముందు ఒక ప్రశ్న.

ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నారు. డ్రైవర్ సడన్ బ్రేక్ వేశాడు. మీరు ముందుకి తూలారు. మిమ్మల్ని ముందుకి తోసిన బలం ఏది?

మా ఆఫీసులో అడిగితే, బీటెక్ అయిపోయిన వాళ్ళు కూడా "బ్రేక్ ఫోర్స్" అన్నారు. బ్రేక్ బలం వెనక్కి కదా పనిచేసేది! అసలు జవాబు: ఎవరూ తోయలేదు. ఇదే సీన్ రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నట్టు ఊహించుకోండి. బస్సు, మీరు ఇద్దరూ గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. బ్రేక్ బస్సుకి పడింది. ఘర్షణ వల్ల మీ పాదాలు బస్సుతో పాటు ఆగాయి. నడుం పైభాగానికి ఆ కబురు ఇంకా అందలేదు. అది పాత వేగంతోనే వెళ్తోంది. అంతే, జడత్వం. రన్నింగ్ బస్సు దిగేవాళ్ళు బస్సు వెళ్ళే వైపే నాలుగడుగులు పరిగెత్తేది కూడా అందుకే. (చూసి నేర్చుకోమని చెప్పట్లేదు.)

కదలాలంటే బలం ఉండాలి అని అరిస్టాటిల్ కాలం నుంచి జనం అనుకున్నారు. గెలీలియో కాదన్నాడు. న్యూటన్ 1687లో దాన్ని మొదటి నియమంగా రాశాడు: కదలడానికి బలం అక్కర్లేదు, కదలికని మార్చడానికి కావాలి. ఆగడం కూడా మార్పే. ఎంత తొందరగా ఆగితే అంత పెద్ద బలం. అదే రెండో నియమం, బలం = ద్రవ్యరాశి × త్వరణం.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, పోలీసు కనిపిస్తే తలకి మార్చే బ్యాచ్ ఉంటుంది కదా, వాళ్ళ కోసం ఈ లెక్క.

బండి అసలు కదలట్లేదు అనుకుందాం. పక్కకి పడ్డారు, తల మీటరున్నర ఎత్తు నుంచి రోడ్డుకి తగిలింది. వేగం వర్గం = 2 × 9.8 × 1.5, అంటే 29.4. వర్గమూలం తీస్తే సెకనుకి 5.4 మీటర్లు, గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. ఈ వేగం సున్నా అవ్వాలి. ఎంత దూరంలో అవుతుంది? మొత్తం కథ ఇక్కడే ఉంది.

హెల్మెట్ లేదు. ఎముక, చర్మం కలిపి ఓ 5 మిల్లీమీటర్లు నొక్కుకుంటాయి అనుకుందాం. త్వరణం = వేగం వర్గం ÷ (2 × దూరం). 29.4ని 0.01తో భాగిస్తే 2,940. గురుత్వ త్వరణానికి 300 రెట్లు! తల బరువు 5 కిలోలు వేసుకుంటే బలం 14,700 న్యూటన్లు. ఒకటిన్నర టన్ను బరువు ఆ క్షణంలో తల మీద పడ్డట్టు.

హెల్మెట్ ఉంది. లోపలి థర్మోకోల్ లాంటి పొర 25 మిల్లీమీటర్లు నలిగింది అనుకుందాం. ఆగే దూరం 5 రెట్లు పెరిగింది, బలం 5 రెట్లు తగ్గింది. 2,940 న్యూటన్లు. పైనున్న గట్టి డిప్ప కంటే ఈ నలిగే పొరే ముఖ్యం. అది నలగడానికే ఉంది. ఐఎస్ఐ మార్క్ లేని రోడ్డు పక్క టోపీల్లో చాలావాటికి ఈ పొర సరిగ్గా ఉండదు. డిప్ప చూసి మోసపోవద్దు.

కానీ వేగం మూడు రెట్లు, అంటే గంటకి 60 అయి, తల నేరుగా స్తంభానికి తగిలితే? వర్గం కదా, అదే దూరంలో ఆగాలంటే బలం 9 రెట్లు. అప్పుడు మంచి హెల్మెట్‌కి కూడా కష్టమే.

మూడో నియమం ఎక్కడ? తల రోడ్డుని ఎంత బలంతో కొడితే రోడ్డు తలని అంతే బలంతో కొడుతుంది. సమానం, వ్యతిరేకం, మరి క్యాన్సిల్ అవ్వాలి కదా అని ఎగ్జామ్‌లో అడుగుతారు. అవ్వవు. ఒకటి రోడ్డు మీద పనిచేస్తుంది, ఇంకోటి తల మీద. క్యాన్సిల్ అవ్వాలంటే రెండూ ఒకే వస్తువు మీద ఉండాలి. రోడ్డు వెనక మొత్తం భూమి ఉంది, దానికేం కాదు.

ఇక స్ట్రాప్. పెట్టుకోకపోతే మొదటి నియమం హెల్మెట్‌కి కూడా వర్తిస్తుంది. మీరు ఆగుతారు, అది దాని దారిన అది పోతుంది. తల రోడ్డుకి చేరేసరికి హెల్మెట్ అక్కడ ఉండదు. ఇంకోటి, ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా మార్చేయండి. లోపల నలిగిన పొర మళ్ళీ పొంగదు. 25 మిల్లీమీటర్లు ఇవ్వాల్సింది ఈసారి అంత ఇవ్వలేదు.

మీకో లెక్క: కారు గంటకి 54తో వెళ్తూ సెకనులో పదో వంతులో ఆగింది. ఒళ్ళో 10 కిలోల పాప. చేతులతో పట్టుకుని ఆపాలంటే ఎన్ని న్యూటన్లు కావాలి? ముందు 54ని సెకనుకి మీటర్లలోకి మార్చుకోండి, 15 వస్తుంది. మిగతాది మీరే చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్ ఘర్షణ, వాన పడ్డప్పుడు బండి ఎందుకు జారుతుందో చూద్దాం. బై!