ఒకే టైమర్‌కు ఇద్దరు యజమానులు: చిన్న చిప్‌లలో చిక్కుముడి విప్పేదెలా?

శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో వేసవి వస్తే నీటికి కటకటే. అక్కడి ఆస్టినాబాద్‌లో ఓ విద్యార్థి ఆర్డుయినో యూనో ఆర్3 బోర్డుతో ట్యాంకు అలారం చేస్తున్నాడనుకుందాం. ట్యాంకు నిండగానే బజర్ మోగాలి, రిమోట్‌తో ఆగాలి. రెండు ప్రోగ్రాములూ విడివిడిగా బాగానే పనిచేస్తాయి. కలిపితే ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని ఎర్రర్. కొత్త బోర్డు తెప్పించినా ఇదే వరస.

కారణం, ఇందులోని ఏటీమెగా328పీ చిప్‌లో ఉన్నవి మూడే టైమర్లు. టైమర్ 0ను మిల్లిస్, డిలే వాడుకుంటాయి. టైమర్ 1 సర్వో లైబ్రరీది. టైమర్ 2 బజర్‌ను మోగించే టోన్‌ది. రిమోట్ సంకేతాలు చదివే ఐఆర్‌రిమోట్ లైబ్రరీ కూడా మామూలుగా టైమర్ 2నే కోరుతుంది. ఒక ఇంటరప్ట్‌కు ఒక్క హ్యాండ్లరే ఉండాలి. ఐఆర్‌రిమోట్ పాత వెర్షన్లతో రెండు కనిపించేసరికి ప్రోగ్రాం తయారవడమే ఆగిపోతుంది.

ఎర్రర్ కనిపించడం ఒకరకంగా మేలే. సర్వో లైబ్రరీ వాడితే 9, 10 పిన్లలో పీడబ్ల్యూఎం ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది. తప్పెక్కడుందో వెతకడానికి గంటలు పడుతుంది.

సర్వో అవసరం లేకపోతే ఐఆర్‌రిమోట్‌ను టైమర్ 1కి మార్చవచ్చు. లేదా కరెంటు ఇస్తే తనంతట తానే మోగే యాక్టివ్ బజర్ పెడితే టోన్‌తో పనే లేదు. సొంతంగా కోడ్ రాసేవారు ఒకే టైమర్‌తో మిల్లీసెకనుకో ఇంటరప్ట్ తెప్పించి, కౌంటర్లతో పనులు పంచవచ్చు. హ్యాండ్లర్‌లో ఫ్లాగ్ మాత్రమే మార్చి, అసలు పని లూప్‌లో చేయాలి. ఆ ఫ్లాగ్‌ను ‘వోలటైల్’గా ప్రకటించడం మరవకూడదు.

లైబ్రరీని కలిపే ముందే అది ఏ టైమర్ వాడుతుందో చూసుకుంటే సగం చిక్కు తీరినట్టే.