డాక్టరు ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు!

"వీడికి పొద్దున లేస్తే కడుపునొప్పి అక్కా! బడి టైం దాటిందంటే మాయం."

ధర్మపురిలో మా పక్కింటి కోడలు ఈ మాట అన్నప్పుడు నవ్వేశాను. బడిదొంగ అనుకున్నాను. తొమ్మిదేళ్లవాడు మళ్లీ పక్క తడుపుతున్నాడని చెప్పి ఆమె కళ్లు తుడుచుకున్నాక నా నవ్వు ఆగిపోయింది.

తాయెత్తు కట్టించారు. నరసింహస్వామికి మొక్కుకున్నారు. జగిత్యాలలో రక్తపరీక్షలు చేయిస్తే అంతా బాగుందన్నారు. చివరికి పిల్లల డాక్టరే మానసిక వైద్యుడికి చూపించమన్నారు. ఇల్లు భగ్గుమంది. "నా కొడుక్కి పిచ్చంటవా?" అని భర్త. "నలుగురికి తెలిస్తే ఇజ్జత్ పోతది" అని అత్తగారు. నేనూ తక్కువ తినలేదు. "ఎనిమిదేళ్ల తర్వాత మనిషి దుబాయి నుంచి వచ్చాడు, కొన్నాళ్లు సర్దుకుపో" అని సలహా ఇచ్చాను. కథలు రాసే నాకు పక్కింటి కథ అర్థం కాలేదు.

పెరట్లోంచి ఒక ఫోను

ఒక రాత్రి ఆమె పెరట్లో నిలబడి 14416కు ఫోన్ చేసింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. "బాబును ఒక్కడినే కాదు, మీరంతా కలిసి వెళ్లండి" అన్నారట.

నెల రోజులు బతిమాలితే భర్త కరీంనగర్ బయల్దేరాడు. అక్కడ డాక్టరు అడిగినవి చిన్న ప్రశ్నలే. రాత్రి అన్నం ఎవరెవరు కలిసి తింటారు? ఎవరెక్కడ పడుకుంటారు? పుట్టినప్పటి నుంచి తల్లి పక్కన పడుకున్న పిల్లాడు, తండ్రి వచ్చిన రోజే నానమ్మ గదిలోకి మారాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. గోడ అవతల వీసా అప్పుల గొడవ వినిపించేది. తాను బడికి వెళితే అమ్మ ఇల్లు విడిచి వెళ్లిపోతుందేమోనని వాడి భయం. ఆ భయమే కడుపునొప్పి!

"నేను పంపిన పైసలు వాడికి తెలుసు, నేను తెల్వదు" అని తండ్రి అక్కడే ఏడ్చేశాడట. గల్ఫుకు మనిషిని పంపిన మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఈ మాట ఇంకెంతమంది మనసులో ఉందో!

డాక్టరు మందు రాయలేదు. పెద్దలకే పని చెప్పారు. రాత్రి నలుగురూ కలిసి తినాలి. అప్పుల మాట పిల్లాడి చెవిన పడకూడదు. తండ్రి రోజూ వాణ్ని గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లాలి. పక్క తడిపితే తిట్టకూడదు.

ఇది కొత్త సంగతి కాదు

వైద్యంలో కుటుంబాన్ని కలుపుకోవడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వాళ్ల ఇంటివాళ్లనూ ఉంచుకున్నారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు తొలి జిల్లాల్లో మన మెదక్ ఒకటి. పరువు గురించి భయపడేవారికి ఒక మాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి.

మరొక్క సంగతి. భర్త చెయ్యి చేసుకునే ఇంట్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం ముందు చేయవలసిన పని కాదు. అక్కడ నిజం చెప్పిన ఆడది ఇంటికెళ్లాక దెబ్బలు తింటుంది. ముందు ఆమెకు రక్షణ కావాలి. దానికి 181 ఉంది. పిల్లలు ఆపదలో ఉంటే 1098.

నాలుగు నెలలైంది. బాబు బడికి వెళుతున్నాడు. అప్పుడప్పుడు పక్క తడుస్తూనే ఉంది. అప్పు తీరలేదు, మొగుడూపెళ్లాల పోట్లాటలూ పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వింటున్నారు.

నేను మాత్రం ఎవరికీ "సర్దుకుపో" అని చెప్పడం మానేశాను. "అందరూ కలిసి ఒకసారి వెళ్లిరండి" అంటున్నాను. మీరేమంటారు?