పేరు అంగడిది, ఆనవాలు చేపది

ఆదివారము ఉదయమున ప్రొద్దుటూరు చేపల అంగళ్ళముందు నిలిచినవారికి, తెలుగునాట మత్స్యములకు నామదారిద్ర్యము లేదను సంగతి వెంటనే బోధపడును. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, కొర్రమీను, వాలుగ, జెల్ల, జిలేబి, రూప్‌చంద్ అని ఒక్క గుక్కలో చదువు అమ్మకందారుల నోట, పెన్నలో తరతరములుగా బ్రదుకుచున్న చేపయు, మైలవరము, గండికోట, చిత్రావతి జలాశయములలో పిల్లగా విడువబడి పెరిగిన చేపయు, కోస్తా చెరువులనుండి ఐసుపెట్టెలలో లారీలెక్కి వచ్చిన చేపయు ఒకే వరుసలో నిలుచును. ఆ వరుసలోనికి ఇటీవల 'సాల్మన్' అను పేరును వచ్చి చేరినది. జమ్మలమడుగు, పులివెందులల నుండి కువైటుకు పోయి వచ్చినవారికి ఆ పేరు పరిచితమే; ఇంటియొద్ద నున్నవారికి మాత్రము అది హోటలు పట్టికలలోను, గడ్డకట్టించిన పొట్లములమీదను కనబడు మాట. కడపజిల్లాలో ఏ యేటను సాల్మన్ పుట్టదు. మరి ఆ పేరుతో మనకు వచ్చుచున్నది ఏది?

అసలు సాల్మన్ ఉత్తరార్ధగోళమునందలి శీతలజలముల చేప. అట్లాంటిక్ తీరములయందలి జాతికి 1758లో లిన్నేయస్ సాల్మో సలార్ అని పేరిడెను. ఇది ఏటినీట పుట్టి, కొన్ని యేండ్లు అచ్చటనే పెరిగి, పిదప సముద్రమునకు పోయి బలిసి, గ్రుడ్లు పెట్టు కాలమునకు తాను పుట్టిన యేటినే వెదకికొనుచు ఎదురీది వచ్చును. అయితే హిమయుగము ముగిసి మంచు వెనుదీసిన కాలమున, కొన్ని సరస్సులలో నిలిచిపోయిన సాల్మన్లు కడలియాత్ర మానుకొని, సరస్సునందే తిని, దానిలోనికి వచ్చు వాగులలో గ్రుడ్లుపెట్టి, వేల యేండ్లుగా మంచినీటనే వంశము నిలుపుకొనినవి. వీటినే నేలనడుమ చిక్కిన సాల్మన్లని పాశ్చాత్యులు వ్యవహరింతురు. చిక్కినవనుటయు అన్నిచోట్ల నిజము కాదు. కెనడాలోని సెయింట్ జాన్ సరస్సునుండి సగెనే నది సముద్రమువైపు పోవుచునే యున్నను, అచ్చటి చేపలు సాధారణముగా ఆ త్రోవ పట్టవు.

వీటి పేర్ల చిక్కు మన అంగడి చిక్కును మించినది. సెయింట్ జాన్ సరస్సు పరిసరములందలి ఇన్ను ప్రజలు తమ చేపను వనానిష్ అనిరి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున సెబాగో సరస్సులో దొరకు చేపను పందొమ్మిదవ శతాబ్ది నడుమ చార్లెస్ గిరార్డ్ అను శాస్త్రజ్ఞుడు వేరొక జాతిగా తలచి సాల్మో సెబాగో అనెను. తరువాతివారు ఇవి రెండును సాల్మో సలారేయని తేల్చిరి. 1969లో మెయిన్ రాష్ట్రము ఈ చేపనే తన రాష్ట్రమత్స్యముగా స్వీకరించినది. ఇది యుండగా పసిఫిక్ వైపున కొకనీ యను మరియొక సరోవరపు చేప కలదు. దానిని కూడ కొందరు నేలచిక్కిన సాల్మన్ అందురు గాని అది సాక్‌ఐ జాతికి చెందినది. ఒక్కమారు గ్రుడ్లుపెట్టి మరణించును, అట్లాంటిక్ చేపయో బ్రదికి మరల పెట్టగలదు. ఇవి చాలవన్నట్లు అవే సరస్సులలో బ్రౌన్ ట్రౌట్ ఒకటి. చూపునకు రెండును కవలలు. అందుచేత గాలమువారు పేరును నమ్మక ఒడలిని పరీక్షింతురు. సాల్మన్ పైదవడ చివర కంటి వెనుకటి అంచుకు ఇంచుమించుగా ఆగును, ట్రౌట్‌ది దానిని దాటిపోవును. సాల్మన్ తోకమొదలు సన్నమై, పిడికిట పట్టి ఎత్తుటకు అనువుగా నుండును, ట్రౌట్‌ది లావై జారిపోవును. వెన్నురెక్కకును తోకకును నడుమ ముల్లులేని చిన్న మెత్తనిరెక్క యొకటి రెంటికిని కలదు. దాని మొదటినుండి ఏటవాలుగా ప్రక్కగీత వరకు పొలుసులు లెక్కించినచో సాల్మన్‌కు సాధారణముగా 10 నుండి 13, ట్రౌట్‌కు 13 నుండి 16 వచ్చును. పదమూడు వచ్చినవాని గతి యేమని అడుగరాదు. అందుకే ఒక్క గుర్తుతో ఎవ్వరును తీర్పు చెప్పరు.

గోదావరివారికి ఇట్లు పేరు మారు చేప ఒకటి చిరపరిచితము. సముద్రమున నున్నంతవరకు విలసయని పిలువబడు మీనము, వరదకాలమున ఎఱ్ఱనీటికి ఎదురెక్కి ధవళేశ్వరమువైపు వచ్చునప్పటికి పులస యగును, వెల మిన్నంటును. 1822లో హామిల్టన్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఇలిషా జాతియే ఇది; శాస్త్రము దృష్టిలో రెంటికిని భేదము లేదు. కాని శాస్త్రనామము చెప్పని సంగతిని జాలరిపేరు చెప్పుచున్నది: చేప ఏ నీటినుండి వచ్చినది, ఏ దశలో నున్నది, పులుసులో ఎట్లుండును అని. వనానిష్ అను పేరును అట్టిదే. ఇట్టి పేర్లను అజ్ఞానమని త్రోసివేయువారితో నేను ఏకీభవింపజాలను. మోసము వేరొకచోట పుట్టును. ఒడిశానుండి వచ్చిన విలసకు రావులపాలెములో పులసయను పేరు తగిలించి అమ్మునప్పుడు, ఆ పేరు చెప్పు సంగతియే అబద్ధమగుచున్నది.

ఇప్పుడు మన పొట్లమునకు వత్తము. 'ఇండియన్ సాల్మన్' అను చీటితో వచ్చునది చాలవరకు మాగ. బొంబాయివారికి అది రావస్. వైద్యుడును, ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడును అయిన పాట్రిక్ రస్సెల్, విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో 1803లో గ్రంథము వెలువరించి, లాటిను పేర్లకు బదులు మన జాలరుల నోటి పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసియుంచెను, మాగయు అందున్నది. మరుసటి సంవత్సరమే షా అను శాస్త్రజ్ఞుడు దానికి 'నాలుగు వ్రేళ్ళది' అను అర్థము వచ్చు శాస్త్రనామ మిచ్చెను. ఆ వ్రేళ్ళే దాని ఆనవాలు. ప్రక్కరెక్క అడుగున నాలుగు దారపుపోగులు విడివిడిగా వ్రేలాడును, వెన్నున రెండు రెక్కలుండును, సాల్మన్‌కు గల మెత్తనిరెక్క యుండదు, మాంసము తెలుపు. నార్వే సాల్మన్ మాంసము నారింజవన్నెది. పెంపకపు చేపకు ఆ వన్నె మేతలో కలిపిన ఆస్టాజాంథిన్ అను వర్ణద్రవ్యము వలన వచ్చును. మాగ తక్కువజాతి చేప కానేకాదు. దానికి పరాయిపేరు ఎందులకో వర్తకులకే తెలియవలెను.

పెన్న ఒడ్డున ఇంతకంటె నిత్యమైన చిక్కులు కలవు. ఒక అంగడిలో శీలావతి యన్నదానిని ప్రక్క అంగడిలో రోహు అందురు. అది పేరు మార్పే గాని చేప మారలేదు. బొచ్చెను దాని పెద్దతలయు, పైకి తిరిగిన నోరును పట్టియిచ్చును. శీలావతి తల చిన్నది, పెదవి అంచు చీలికలుగా కుచ్చువలె నుండును, రెక్కలలో ఎరుపు కలదు. ఎర్రమోసు ఒడలు సన్నము. ఇవి బేరముచేయు గృహిణులకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. చిక్కంతయు రూప్‌చంద్‌తోనే. దక్షిణ అమెరికా నదులనుండి మన చెరువులకు వచ్చిన ఈ గుండ్రని చేపను కొందరు చందువ యని అమ్మజూతురు. ఎదిగిన చందువకు పొట్టక్రింద రెక్కల జత యుండదు, దీనికి కలదు. నోరు తెరచినచో మనుష్యుల పండ్లవంటి పండ్లు కనబడును. సాల్మన్‌కు చెప్పిన ఆ మెత్తనిరెక్క, చిత్రముగా, దీని వీపుమీదను కలదు. తల, రెక్కలు తీసి ముక్కలు చేసిన పిమ్మట ఈ గుర్తులలో ఒక్కటియు మిగులదు గనుక, కత్తిపీట మీదికి పోకముందే చేపను త్రిప్పి చూడవలెను. రూప్‌చంద్ అని చెప్పి రూప్‌చంద్ వెలకే అమ్మినచో జమ్మలమడుగులో దానికి గిరాకి తక్కువేమియు లేదు. వేపుడునకు బాగుగనే యుండును.